పత్తికొండ నుంచి బద్వేలుకు అయిదు మిషన్లు, ఒక గాలి జల్లెడ

కాశీకో రామేశ్వరానికో పోయివచ్చి రాస్తే చదివేవాళ్ళుంటారు, బద్వేలుకు పోయివచ్చి రాయడమేమిటని మా వారు అడిగారు. కాశీకి పోయినవాళ్ళు మా తాలూకాలో వందమంది ఉన్నారు, వందమందీ ఒకే మాట చెబుతారు. పత్తికొండ నుంచి బద్వేలుకు లారీలో పోయిన ఆడవాళ్ళం నేనూ హుసేన్‌బీ ఇద్దరమే, కాబట్టి మేం చెప్పిందే సాక్ష్యమన్నాను. ఆయన వకీలు. వాదనలో ఓడిపోయినప్పుడు కళ్ళజోడు తుడుచుకుంటారు. తుడుచుకున్నారు.

హుసేన్‌బీ మా మహిళా సమాజంలో కుట్టుపని నేర్పుతుంది. పదేళ్ళుగా నేర్పుతున్నది. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆదోనిలోనూ గుత్తిలోనూ దుకాణాలు పెట్టుకున్నారు. ఆమె చేతిలో మాత్రం ఒక సర్కారు కాగితం లేదు. నేను ఆ సమాజానికి కార్యదర్శిని. ఈ ఏడు పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. కుట్టు నేర్పే ఆమె పరీక్ష ప్యాసై ఉండాలి, లేకపోతే ఆ స్థానంలో ప్యాసైన మనిషిని వేసుకోవాలి. పరీక్షకు నలభై నిండినవాళ్ళు కూర్చోరాదు. హుసేన్‌బీ నాలుగో తరగతి చదివిన బడి రిజిస్టరు ప్రకారం ఆమెకు వచ్చే పీర్ల పండగలోపల నలభై నిండుతాయి. అంటే ఈ పరీక్ష తప్పితే ఆమెకు మరో పరీక్ష లేదు, మా సమాజంలో చోటూ లేదు.

పరీక్ష కర్నూలులో జరగవలసింది. కర్నూలు ఇప్పుడు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఉన్న బళ్ళన్నీ ఆఫీసులైపోయాయి, అవీ చాలక డేరాలు వేశారు. పరీక్షకు చోటులేక దాన్ని పక్క జిల్లాకు, అందులోనూ ఆ చివరనున్న బద్వేలుకు తోసేశారు. ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో ఒక వరుస ఉంది: ఎవరి మిషను వారే తెచ్చుకోవలెను. మా తరపున హుసేన్‌బీ కాక ఇంకా నలుగురు పిల్లలు పరీక్షకు కట్టారు. పిల్లల్ని మా కోశాధికారి వెంట బస్సులో పంపించాం. మిషన్లను బస్సు మీదికి ఎక్కించనని కండక్టరు కచ్చితంగా చెప్పాడు. నేను అరగంట వాదించాను. బస్సు పోయింది, మిషన్లు ఉండిపోయాయి.

పత్తికొండ

మద్దిలేటి బండి దొరికింది. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వేలం వేసినవాటిలో ఒకటి అది. ముందు ముగ్గురు కూర్చునే గది, వెనక కప్పులేని తొట్టి. మేం చిన్న లారీ అంటాం. మద్దిలేటి మాత్రం పికప్ అంటాడు, బర్మా సరిహద్దులో డ్రైవరుగా పనిచేసి వచ్చాడు కాబట్టి. వేరుశనగ మూటలు తోలి బతుకుతాడు. మనుషులతో తక్కువ మాట్లాడి ఇంజనుతో ఎక్కువ మాట్లాడతాడు. ఇంజను ఎదురు చెప్పదు కనుక అది తెలివైన పనే.

అయిదు మిషన్లను బొంతల్లో చుట్టి, మధ్యమధ్య పొట్టు గోతాలు ఇరికించి కట్టాం. కట్టిన ప్రతి తాడునూ హుసేన్‌బీ లాగి చూసి, రెండింటిని విప్పించి మళ్ళీ కట్టించింది. నేను పెద్ద గొంతుతో చేసే పనిని ఆమె రెండు వేళ్ళతో చేస్తుంది. పరీక్ష గురువారం పదిగంటలకు. మంగళవారం పొద్దున బయలుదేరాం.

డోన్

డోన్ ఇంకా నాలుగు మైళ్ళుందనగా ఇంజను కప్పు కింద ఏదో పగిలింది. మద్దిలేటి దిగి చూసి, చచ్చిన కోడిని పట్టుకున్నట్టు ఒక ఇనప డబ్బాను పట్టుకొని వచ్చాడు. దాని అడుగు చీలి నూనె కారుతున్నది.

ఇంజను కూడా ఊపిరి పీలుస్తుందట. ఈ సంగతి నాకు బి.ఏ. ప్యాసై పాతికేళ్ళయ్యాక తెలిసింది. పీల్చే గాలిలో దుమ్ము ఉంటే లోపలి భాగాలు అరిగిపోతాయి. అందుకని ఈ డబ్బా అడుగున నూనె పోసి ఉంచుతారు. గాలి ఆ నూనె మీదుగా పోతూ దుమ్మును అక్కడే వదిలేస్తుంది. ఇప్పుడు నూనె నిలవదు కాబట్టి డబ్బా పనికిరాదు.

మద్దిలేటి ముఖంలో నేననుకున్నంత విచారం లేదు. సీటు కిందినుంచి పాత పత్రికలో చుట్టిన పొట్లం ఒకటి తీశాడు. మద్రాసులో కొన్నాడట, ఆరు నెలలుగా దాన్ని బిగించే సందు కోసం చూస్తున్నాడట. జొన్నరొట్టె అంత గుండ్రంగా, నాలుగు వేళ్ళ మందాన ఉంది. పైనా కిందా మెరిసే రేకు, చుట్టూ సన్నని తీగ జల్లెడ. డబ్బా లేదు, మూత లేదు. జల్లెడంతా బయటికే కనిపిస్తుంది. దాన్ని గాలి పోయే గొట్టం మూతికి తిన్నగా బిగిస్తారు.

"ఇదుంటే బండి గుర్రం మాదిరి పోతాదమ్మా" అన్నాడు.

"ఇన్నాళ్ళూ గాడిదలాగా పోయిందని ఒప్పుకుంటున్నావన్నమాట" అన్నాను.

బండిని మెల్లగా డోన్ చేర్చాం. అక్కడ స్టేషను దగ్గర ఖాసింసాబు అనే ముసలి మేస్త్రీ చెట్టుకింద బండ్లు బాగుచేస్తాడు. పొట్లం విప్పి చూడగానే పెదవి విరిచాడు. తారురోడ్లున్న ఊళ్ళకు ఇది బాగుంటుందట. మన దుమ్ముకు నూనె డబ్బాయే సరైనదట. కాని డబ్బా అతికించాలంటే కర్నూలుకు పంపి రెండు రోజులు ఆగాలి. మాకు రెండు రోజులు లేవు.

బిగించడం ఒక పూట పట్టింది. గొట్టం మూతి సన్నం, జల్లెడ మెడ వెడల్పు. సైకిలు ట్యూబు ముక్కను మూడు చుట్లు చుట్టి, దానిమీద మెడను తొడిగి, పట్టీ వేసి బిగించాడు. బిగించాక ఇంజను కప్పు మూతపడలేదు, జల్లెడ నాలుగు వేళ్ళు ఎత్తయింది. కప్పును తాడుతో కట్టి, సందు అలాగే వదిలేశాడు. చివరికి మందమైన ఇంజను నూనెలో వేళ్ళు ముంచి జల్లెడకు పూయడం మొదలుపెట్టాడు. నేను ఊరుకోలేదు. మెరిసే కొత్త వస్తువుకు జిడ్డు పూసి దుమ్ము అంటించుకోవడం ఏ ఊరి శుభ్రమని అడిగాను.

ఖాసింసాబు పని ఆపలేదు. "మీ ఇంట్లో వాకిట్లో గోనెపట్టా ఏస్తారు గదమ్మా, కాళ్ళు తుడుసుకోను. అది మాసిపోతాదని ఎత్తి బీరువాలో పెట్టుకుంటారా?"

ఆ వాదన అతనే గెలిచాడు. ఏడాదికొకసారి అలా జరుగుతుంది. హుసేన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకో అడగలేదు.

అక్కడ హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం, పొట్లం బేడ, అంటే రెండణాలు. బొరుగుల్ని మా వైపు మరీ మెత్తగా నానబెడతారు, డోన్‌వాళ్ళు పంటికింద కొంచెం తగిలేటట్టు ఉంచుతారు. డోన్‌వాళ్ళదే బాగుంది. ఈ మాట పత్తికొండలో పైకి అనను.

బండి నిజంగానే గుర్రంలాగా పోయింది. చప్పుడు కూడా పెరిగింది. పక్కన కూర్చున్నవాళ్ళతో వాదించాలంటే అరవాలి. మద్దిలేటి అంత సంతోషంగా ఉండటానికి అదీ ఒక కారణమేమో.

బనగానపల్లె

బేతంచెర్ల నుంచి ముందుకు పోయేకొద్దీ అంతా నాపరాయే. ఇంటి కప్పు నాపరాయి, గోడ నాపరాయి, అరుగు నాపరాయి. మా వైపు ముళ్ళకంప వేసేచోట వాళ్ళు నాపరాళ్ళు నిలువునా పాతి కంచె అంటారు. మేకలు దాన్ని దూకలేక దాని నీడలో పడుకుంటున్నాయి. బండలు కోసే చోట లేచిన తెల్లని దుమ్ముతో మనుషులకు కనుబొమలు కూడా నెరిసినట్టున్నాయి.

బనగానపల్లెలో మద్దిలేటి చెల్లెలు లక్ష్మీదేవి ఇంట్లో ఆగాం. మొగుడు బండలపనికి పోతాడు. వాళ్ళ కప్పు కింద ఎండవేళ కూడా చల్లగా ఉంది. మా మేడ గదిలో ఆ చల్లదనం లేదని ఒప్పుకోవాలి. జొన్నరొట్టెలు, వంకాయ కారం, చెనిక్కాయల పొడి పెట్టింది. మా వైపు చుట్టానికి రెండోసారి వడ్డిస్తూ "చాలా?" అని అడుగుతారు. ఇక్కడ అడగరు, వేసేస్తారు. నేను మూడో రొట్టె మీద వాదనకు దిగాను. ఆమె వింటూనే నాలుగోది వేసింది. రాత్రి మిషన్లను ఇంట్లోకి చేర్చి, హుసేన్‌బీకి మంచం వేసి, తాను గడపకు అడ్డంగా పడుకుంది.

పొద్దున లేచేసరికి లక్ష్మీదేవి బండి కడుగుతున్నది. దారిలో వాడడానికి ఖాసింసాబు సీసాలో పోసిచ్చిన నూనె కోసం మద్దిలేటి కప్పు తెరిచిపెట్టి సీటు కింద వెతుక్కుంటున్నాడు. ఆమె కొత్త జల్లెడను చూసింది. అన్న బండికి కొత్త వస్తువు వస్తే చెల్లెలు పసుపు పెట్టకుండా పంపుతుందా? పచ్చిపసుపు నూరుకొచ్చి గడపకు పూసినట్టే దట్టంగా, నున్నగా జల్లెడ చుట్టూ పూసింది. దానిమీద అయిదు కుంకుమ బొట్లు పెట్టింది. మద్దిలేటి చేతులు జోడించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ముందువైపు బాగా వచ్చింది, ఇంజను వైపు తిరిగి ఉన్న భాగంలో తీగ కనిపిస్తున్నది. సగం పూసిన గడపను చూస్తే నా కళ్ళు ఊరుకోవు.

"వెనకవైపు మిగిలింది, చూడమ్మా" అన్నాను.

ఆమె నాలుక కొరుక్కొని, చెయ్యి సందులోకి పోనిచ్చి, అదీ పూర్తిచేసింది. ఇక నూనె పూయడానికి చోటు లేదని మద్దిలేటి సీసాకు మూత పెట్టేశాడు.

కోయిలకుంట్ల దాటాక

కోయిలకుంట్ల దాకా బండి కొంచెం దగ్గుతూ పోయింది. అక్కడినుంచి నల్లరేగడి. వానకాలంలో ఆ నేల చక్రాన్ని వదలదట, ఎండకాలంలో గాలిలో లేచి మనిషిని వదలదు. పిండిలాంటి నల్లదుమ్ము. ఎదురుగా వచ్చే ఎద్దులబండి పక్కనుంచి పోతే, పోయిన తరువాత రెండు నిమిషాలు మనకు మన చేతులే కనబడవు. కప్పు సందులోంచి ఆ దుమ్మంతా లోపలికి పోతూనే ఉంది.

ఆరేడు మైళ్ళు పోయాక బండి నల్లని పొగ వదిలి, రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. మద్దిలేటి ప్లగ్గులు విప్పి తుడిచాడు. అంగుళం మసి. మళ్ళీ బిగిస్తే బండి వంద గజాలు పోయి ఆగింది. పెట్రోలు గొట్టం విప్పి నోటితో ఊదాడు. అందులో అడ్డం లేదు. ప్లగ్గులు మళ్ళీ విప్పాడు. మళ్ళీ మసి. ఇలా పొద్దు నెత్తిమీదికి వచ్చింది. ఆ మద్రాసు సామానే దీనికంతటికీ మూలమని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. మద్దిలేటి మొదటిసారి నామీద కసురుకున్నాడు.

"కొత్త సామాను, పసుపు కుంకుమ పెట్టినాము, దానికేం రోగమమ్మా? ఇది పెట్రోలు జబ్బు."

దగ్గరలో ఒక తోట బావి ఉంది. ఎద్దులు తోలుబానతో నీళ్ళు తోడుతున్నాయి. ఎద్దులు తోలే ఆసామి బదులు ఆయన భార్య ఓబులమ్మ మాట్లాడింది. మోటారుబండి వాళ్ళు ఎద్దులబండి వాళ్ళను దాటి దుమ్ము కొట్టి పోతారు గదా, ఇప్పుడు ఎద్దుల నీళ్ళకోసం వచ్చినారే అంది. అంటూనే చెంబులతో నీళ్ళు, తరువాత ఉల్లిగడ్డ వేసిన మజ్జిగ ఇచ్చింది. మేం తాగాక కులం అడిగింది. మా వైపు అడిగిన తరువాత నీళ్ళిస్తారు. ఏది నయమో చదివేవాళ్ళే తేల్చుకోండి. హుసేన్‌బీ తన పేరు చెబితే, ఓబులమ్మ "సరేలే, సల్లగా ఉండాది గదా మజ్జిగ" అని ఇంకో చెంబు పోసింది.

పరీక్ష రేపు పదిగంటలకని హుసేన్‌బీ పొద్దుటినుంచి అప్పుడప్పుడూ నీడను చూస్తున్నది. మజ్జిగ తాగి చెంబు దించి, ఆ జల్లెడ ఒకసారి విప్పి ఇమ్మంది. మద్దిలేటి విసుక్కుంటూనే విప్పి ఇచ్చాడు. నల్లదుమ్ము పట్టి అది మొత్తం నల్లగా ఉంది. బట్ట నేత ఎలా ఉందో చూసేవాళ్ళు పట్టుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి ఎండకు పట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"దీంట్లోనుంచి ఎండే రావడంల్యా. గాలి యాడనుంచి వస్తాది మద్దిలేటన్నా?"

మద్దిలేటి గోటితో గీకాడు. నల్లదుమ్ము కింద పసుపు. ఎండి, ఇంజను వేడికి కాలి, తీగల సందులన్నిటిలో గచ్చులాగా గట్టిపడింది. ఊపిరి ఆడవలసినచోట మేం గోడ కట్టాం.

మీ చెల్లెలి భక్తి మన కొంప ముంచిందని అన్నాను. మద్దిలేటి నేల చూశాడు. హుసేన్‌బీ మెల్లగా, నవ్వకుండా అంది: "వెనకవైపు మిగిలిందని చెప్పినది మీరు గదక్కా."

అవును, చెప్పింది నేనే. ముందువైపు ఒక్కటే పూసి ఉంటే వెనకనుంచైనా గాలి పోయి ఉండేదని మద్దిలేటి తరువాత విడమరచి చెప్పాడు. ఎవరూ అడగకపోయినా చెప్పాడు. అంటే నా తప్పు సగం కాదు, మొత్తం. మా చెల్లెలికి మాత్రం చెప్పొద్దమ్మా, ఏడుస్తాది అని కూడా అన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను. రాయనని ఇవ్వలేదు.

ఓబులమ్మ లాంతరులోని కిరసనాయిలు ఇచ్చింది. అందులో జల్లెడను నానబెట్టాం. సగం వదిలింది, సగం వదల్లేదు. మద్దిలేటికి ఓపిక అయిపోయి మేకుతో పొడిచాడు. తీగ జల్లెడ అరచెయ్యంత మేర పర్రున చినిగిపోయింది. బావి దగ్గర బాన నీళ్ళు కాలవలోకి పోసుకొని మళ్ళీ దిగింది.

జల్లెడ లేకుండానే పోదామని చివరికి మద్దిలేటే అన్నాడు. మిమ్మల్ని చేరుస్తాను, బండి సంగతి తరువాత చూసుకుంటాను అన్నాడు. ఈ దుమ్మును నేరుగా తాగితే ఇంజను ఏమవుతుందని అడిగాను. ప్రొద్దుటూరు దాకా వస్తాది, బద్వేలు దాకా రావచ్చు, మళ్ళీ పత్తికొండకు మాత్రం రాదు అన్నాడు. ఆ బండి తప్ప అతనికి వేరే బతుకుతెరువు లేదు.

హుసేన్‌బీ లేచి, తన మిషను దించమంది.

చింతచెట్టు కింద బొంత పరిచి మిషను పెట్టారు. చేత్తో తిప్పే మిషను. జల్లెడకు గలేబు కుడతానంది, దిండుకు కుట్టినట్టే. గుడ్డ కావాలి. పరీక్షకు తెచ్చుకున్న తెల్లగుడ్డ సరిగ్గా కొలతకు ఉంది, ముట్టుకోరాదు. నేను కట్టుకున్నది ఖద్దరు, పెట్టెలో ఇంకో ఖద్దరు చీర ఉంది. దాని అంచును నోటికి అడ్డం పెట్టుకొని ఊది చూసింది.

"ఊపిరాడదక్కా. దేశానికి మంచిదే గాని ఇంజనుకు పనికిరాదు."

పెట్టె అడుగున ఒక వెంకటగిరి చీర ఉంది. పరీక్ష పెట్టే దొరసానిని చూడబోతున్నాం గదా అని తెచ్చాను. నేను దాచుకున్నది ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు, తిన్నగా దాని మీదే చెయ్యి వేసింది. ఊదింది. రెండు మడతలు వేసి ఊదింది. తల ఊపింది. కత్తెర నా చేతికి ఇచ్చింది, కోసేది నేనే కావాలని. కోశాను.

అరగంటలో మూడు గలేబులు కుట్టింది. గుండ్రంగా, ఒకవైపు మూసి, రెండోవైపు నాడా వేసి. దుమ్ము పట్టిన గలేబు తీసి దులపడానికి, ఇంకొకటి తొడగడానికి మూడు ఉండాలంది. ఇంజను నూనెలో ముంచి, పిండి, చినిగిన జల్లెడ మీద తొడిగింది. మద్దిలేటి తొడగబోతే మడతలు ఒకచోట పోగై సందు వదిలాయి. నాడా లాగుతూ కుచ్చులు సమంగా సర్దడం కుట్టుపని చేసేవాళ్ళ వేళ్ళకే వస్తుంది. అందుకని ప్రతిసారీ ఆమే తొడిగింది.

బండి కదిలింది. దగ్గు లేదు, పొగ లేదు. ఓబులమ్మ వెనకనుంచి ఏదో కేకవేసింది. దుమ్ము తగ్గించి పొమ్మనే అయి ఉంటుంది.

ప్రొద్దుటూరు

పది మైళ్ళకొకసారి ఆగాం. ఆగినప్పుడల్లా గలేబు తీస్తే పైన నల్లగా గడ్డకట్టి ఉంది, లోపలిమడత మాత్రం శుభ్రంగా ఉంది. నా చీర అంత మంచి నేత అని నాకు అప్పటిదాకా తెలియదు. దాన్ని నేను రెండుసార్లే కట్టాను.

సాయంత్రానికి ప్రొద్దుటూరు చేరాం. బంగారం అంగళ్ళు చాలా ఉన్నాయి. చూసేవాళ్ళు కొనేవాళ్ళకంటే ఎక్కువ, అది మా కర్నూలులో లాగే. ఎర్రకారం పూసిన దోసె అణా. తిన్నాక అరగంట నాకు వాదించే శక్తి పోయింది. మా వైపు దుడ్లు అనే డబ్బును ఇక్కడ లెక్క అంటారు. "లెక్క ఉండాదా?" అని హోటలువాడు అడిగితే, చదువుకున్నదాన్ని, నాకు లెక్క రాదా అనుకొని, ఉందని చెప్పి కూర్చున్నాను. అతను చెయ్యి చాచాక అర్థమైంది.

సత్రం పంపు దగ్గర హుసేన్‌బీ చేతులు కడుక్కోవడం చూసినప్పుడు అసలు సంగతి తట్టింది. పరీక్షలో కుట్టేది తెల్లగుడ్డ. ఆమె చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి. సబ్బు, బూడిద, కుంకుడుకాయలు, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. అరచేతులు తేరుకున్నాయి. గోళ్ళ సందుల్లో, వేళ్ళ గీతల్లో మాత్రం నలుపు అలాగే ఉంది. రేపు గలేబులు నేను తొడుగుతానన్నాను. సరే ప్రయత్నించండి అంది. అక్కడే ఒకటి తొడిగి చూశాను. ఆమె సందులో చిటికెనవేలు దూర్చి చూపించింది.

"ఈ సందులోనుంచే పోతాది అక్కా దుమ్మంతా. రేపు కొండదారి కూడా ఉండాదంట. నా చేతులకేం, నేను చూసుకుంటా."

ఆ పూట ఆమె నమాజు కొంచెం ఎక్కువసేపు చేసిందని నాకు అనిపించింది. అనిపించడమే, కొలవలేదు.

బద్వేలు

తెల్లవారకముందే బయలుదేరాం. మైదుకూరు దాటాక ఒకచోట దారి కొండను పట్టుకొని ఎక్కుతుంది. అక్కడ ఒక లారీ ఆవిర్లు కక్కుతూ ఆగి ఉంది. మద్దిలేటి దాన్ని దాటిపోతూ అటు చూడలేదు. చూడకపోవడంలో ఎంత గర్వముందో పక్కన కూర్చున్న మాకు తెలుస్తూనే ఉంది. పైకి ఎక్కాక ఆపి గలేబు మార్చాం. హుసేన్‌బీ చేతులు మళ్ళీ మొదటికి వచ్చాయి.

బద్వేలు హైస్కూలు ముందు మా నలుగురు పిల్లలూ నిలబడి ఉన్నారు. ఒకపిల్ల అప్పటికే ఏడవడం మొదలుపెట్టింది. పదికి పావుగంట ఉంది. మిషన్లు దించి, బొంతలు విప్పి, సూదులు ఎక్కించేసరికి గంట కొట్టారు. చేతులు కడుక్కోవడానికి ఒక చెంబు నీళ్ళు దొరికాయి.

వెంట వచ్చినవాళ్ళు బయట ఉండాలన్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట అంటే గోడకు ఎంత దూరమో ఎవరూ చెప్పలేదు. పరీక్షాధికారిణి పొడుగుపాటి మనిషి, బుగ్గలమీద ఎక్కడా నవ్విన గుర్తులు లేవు. పసిపిల్ల గౌను కుట్టాలి, వెనక బొత్తాములు, చేతికుట్టు కాజాలు. రెండున్నర గంటలు.

అందరి మిషన్లూ మొదలైనాయి. హుసేన్‌బీ మిషను మొదలుకాలేదు. ఆమె పాత పత్రిక అడిగి తీసుకొని పట్టీలుగా చింపుతున్నది. గుడ్డను ఎక్కడెక్కడ వేలితో పట్టుకోవాలో అక్కడక్కడ కాగితం పెట్టి గుండుసూదులు గుచ్చింది. పావుగంట అలా పోయింది. తరువాత కాగితాన్ని పట్టుకొని గుడ్డను కుట్టింది, కుట్టినంతమేరా కాగితాన్ని లాగిపారేసింది. తక్కిన పిల్లల మిషన్లు ఆగి ఆగి నడుస్తున్నాయి, ఆమెది ఒక్కసారీ ఆగలేదు. కాని కాజాలకు కాగితం పనికిరాదు. అవి వేలిమీద పెట్టుకొని కుట్టవలసినవి. కొంగుకు వేళ్ళు తుడుచుకొని మొదలుపెట్టింది. నేను కిటికీ ఊచ పట్టుకొని ఉన్నాను.

పరీక్షాధికారిణి ఒక్కొక్కరి గౌనూ తీసి చూస్తూ వచ్చింది. హుసేన్‌బీది తిరగేసింది, అంచులు చూసింది, కాజాల పట్టీ మడిచి లోపలివైపు చూసి ఆగింది. తెల్లగుడ్డ మీద నల్లగా బొటనవేలి గుర్తు ఒకటి, నాకు కిటికీ దగ్గరికే కనిపించింది.

"ఏమిటమ్మా ఇది?"

చెప్పవలసినదంతా నా దగ్గర సిద్ధంగా ఉంది. కర్నూలులో జరగవలసిన పరీక్ష, డేరాలు, చిన్న అక్షరాల వరుస, కండక్టరు, కోయిలకుంట్ల రోడ్డు, పసుపుతో సహా. గొంతు సవరించుకున్నాను. హుసేన్‌బీ లేచి నిలబడింది.

"నా ఏలిగుర్తు మేడమ్. ఉతికితే పోతాది. కుట్టు పోదు."

ఆ మనిషి నవ్వలేదు. కాజాల పట్టీని రెండు చేతులతో పట్టుకొని, బట్టలంగడిలో గుడ్డ చించేవాళ్ళలాగా లాగింది. ఇంకోచోట పట్టుకొని మళ్ళీ లాగింది. తరువాత గౌను బల్లమీద పెట్టి, కూర్చొని పుస్తకంలో చాలాసేపు రాసింది. నేను సవరించుకున్న గొంతు అలాగే ఉండిపోయింది.

ఫలితాలు నెల తరువాత వచ్చాయి. మావాళ్ళు అయిదుగురూ ప్యాసైనారు. శుభ్రతకింద హుసేన్‌బీకి వచ్చిన మార్కులు అయిదుగురిలో అందరికన్నా తక్కువ, కుట్టుకింద అందరికన్నా ఎక్కువ. సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి సమాజం గోడకు తగిలిద్దామన్నాను. గోడకు చెదలుండాయక్కా అంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, మిషను సొరుగులో సూదుల డబ్బా కింద పెట్టి, మధ్యాహ్నం తరగతికి పిల్లల్ని లోపలికి పిలిచింది.